మగపిల్లల ఆరోగ్య పరీక్షను బడిలో ఎలా జరపాలి

నేను ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఉన్నత పాఠశాల ఆదోని డివిజన్‌లో ఉంది. అక్కడ తొమ్మిదో తరగతి చదివే ఒక అబ్బాయి ఆటల పీరియడ్ వచ్చిన ప్రతిసారీ వేపచెట్టు కిందికి వెళ్లి కూర్చునేవాడు. పరుగెత్తమంటే కడుపునొప్పి అనేవాడు. మేమందరం దాన్ని సోమరితనం అనుకున్నాం. ఒక రాత్రి ఆగని వాంతులతో, గజ్జల్లో రాయిలా గట్టిపడిన వాపుతో అతణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. హెర్నియాలో పేగు ఇరుక్కుపోయిందని వైద్యులు చెప్పి తెల్లవారేలోగా ఆపరేషన్ చేశారు. పిల్లవాడు బతికాడు. ఆ తరువాత అతని ఆరోగ్య కార్డులు తీసి చూస్తే, నాలుగేళ్లుగా అన్ని గడుల్లోనూ ‘సాధారణం’ అనే రాసి ఉంది. ప్రతి కార్డు కిందా నా సంతకమే ఉంది. ఆ వాపు తనకు చిన్నప్పటి నుంచీ ఉందనీ, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదనీ అతను ఆసుపత్రిలో వాళ్ల నాన్నతో అన్నాడు.

ఆ కార్డులు చూసిన రోజు నుంచి పదవీ విరమణ వరకు, మా బడిలో ఆరోగ్య పరీక్షను మేము వేరే పద్ధతిలో జరిపాం. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల ప్రధానోపాధ్యాయులకు, వ్యాయామోపాధ్యాయులకు, పాఠశాల యాజమాన్య కమిటీల్లోని తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. మగపిల్లల గురించి విడిగా రాయడానికి కారణం ఉంది. కొన్ని లోపాలు మగపిల్లలకే వస్తాయి, కొన్ని వారిలోనే ఎక్కువగా కనిపిస్తాయి. అయినా ‘మగపిల్లవాడు, వాడికేం’ అనే మాట మన ఇళ్లలో వాటిని కప్పేస్తుంది.

ఏ నెలలో పెట్టుకోవాలి

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 ఫిబ్రవరిలో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలను, పోషకాల కొరతను, వ్యాధులను, ఎదుగుదలలో ఆలస్యాన్ని ముందుగా పట్టుకోవడం దాని ఉద్దేశం. ఆ పథకం ప్రకారం సంచార వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి రావాలి. బృందంలో ఒక పురుష వైద్యుడు, ఒక మహిళా వైద్యురాలు, ఒక నర్సు లేదా ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు ఉంటారు. వారు వచ్చే తేదీని మనం ఊరికే ఎదురుచూడకుండా, బడి తెరిచిన వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి లేఖ రాసి, జూలై లేదా ఆగస్టులో తేదీ అడగాలి.

ఆ నెలలే ఎందుకంటే, కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం వైపు దీపావళి దాటితే కుటుంబాలకు కుటుంబాలు మిర్చి, పత్తి పనులకు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్లిపోతాయి. డిసెంబరులో శిబిరం పెడితే ఎవరికి పరీక్ష అత్యవసరమో ఆ పిల్లలే హాజరు పట్టీలో ఉండరు. శిబిరం రోజు రానివారి పేర్లు అదే సాయంత్రం విడిగా రాసి పెట్టుకుని, సంక్రాంతికి తిరిగివచ్చినప్పుడు వారిని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. ఈ చిన్న జాబితా శిబిరం కన్నా ఎక్కువ పని చేస్తుందని నా అనుభవం.

ఇంటికి పంపే కాగితం

శిబిరానికి పది రోజుల ముందు ప్రతి ఇంటికీ ఒక కాగితం పంపాలి. అందులో సగం అంగీకార పత్రం, సగం ప్రశ్నలు. చదువురాని తల్లిదండ్రులకు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చదివి వినిపించాలి. పిల్లవాడి చేతనే చదివించడం సరికాదు, ఎందుకంటే అతను దాచుకున్నదే ఆ ప్రశ్నల్లో ఉండవచ్చు.

ప్రశ్నలు మామూలు మాటల్లో ఉండాలి. పిల్లవాడు ఎప్పుడైనా ఆడుతూ స్పృహ తప్పి పడిపోయాడా? మీ రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయారా? పన్ను ఊడినప్పుడో, సున్తీ చేసినప్పుడో రక్తం ఆగకుండా చాలాసేపు కారిందా? దెబ్బ తగలకుండానే మోకాలు వాచిందా? గజ్జల్లో గానీ, బీజాల దగ్గర గానీ వాపు వచ్చి పోతూ ఉంటుందా? బీజాలు రెండూ కిందికి దిగాయా? మూత్రం సన్నగా, చుక్కలుగా, ముక్కుతూ వస్తుందా? ఫిట్స్ వచ్చాయా? గొంతునొప్పి తగ్గిన కొన్నాళ్లకు కీళ్లు ఒకదాని తరువాత ఒకటి వాచాయా? ఈ ప్రశ్నలకు తల్లి ఇచ్చే జవాబు చాలాసార్లు స్టెతస్కోపు కన్నా ముందే దారి చూపుతుంది. జవాబులున్న కాగితాలను కవరులో పెట్టి అంటించి వైద్యుడికే ఇవ్వాలి. వాటిని స్టాఫ్‌రూమ్ బల్ల మీద పరచకూడదు.

ఉపాధ్యాయుడు చూడగలిగినవి

వైద్యుడు ఒక్కో పిల్లవాడిని కొద్ది నిమిషాలే చూస్తాడు. మనం ఏడాదిలో రెండు వందలకు పైగా రోజులు చూస్తాం. కాబట్టి శిబిరానికి ముందు వారం రోజులు తరగతి ఉపాధ్యాయుడు కనిపెట్టి చూసి రాసిన నాలుగు మాటలు ఎంతో విలువైనవి. నల్లబల్ల వైపు తల వాల్చి చూసేవాడు, కళ్లు చిట్లించేవాడు, పిలిస్తే పలకనివాడు, తరగతిలో ఎప్పుడూ నోటితోనే గాలి పీల్చేవాడు, ఆటలో అందరికన్నా ముందే ఆయాసపడేవాడు, మాటిమాటికీ మూత్రానికి వెళ్లేవాడు, కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయేవాడు: వీరి పేర్లు వైద్యుడి చేతికి ముందే అందాలి. ‘చెప్పిన మాట వినడు’ అని మనం కోప్పడే పిల్లవాడికి నిజంగానే వినబడకపోవచ్చు.

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు ప్రత్యేకంగా చూడవలసినది ఒకటుంది. పిల్లలందరినీ నేల మీద కూర్చోబెట్టి, చేతి ఆసరా లేకుండా లేవమనండి. ఎవరైనా బోర్లా తిరిగి, చేతులు నేల మీద ఆనించి, తరువాత తన మోకాళ్లను, తొడలను తానే పట్టుకుని ఎగబాకుతూ లేస్తే, మెట్లెక్కడానికి కష్టపడుతూ, మునివేళ్ల మీద నడుస్తూ, పిక్కలు మాత్రం లావుగా కనిపిస్తే, అది డుషెన్ కండరాల క్షీణత కావచ్చు. దాదాపుగా మగపిల్లలకే వచ్చే జబ్బు ఇది. లావైన పిక్కలు చూసి ‘గట్టి పిల్లవాడు, బద్ధకం ఎక్కువ’ అంటారు, గుంజీలు తీయిస్తారు. బలవంతపు వ్యాయామం ఆ కండరాలకు మరింత చేటు చేస్తుంది. క్రియాటిన్ కైనేజ్ అనే రక్తపరీక్షతో అనుమానం చాలావరకు తేలుతుంది. పూర్తిగా నయంచేసే మందు లేకపోయినా, స్టెరాయిడ్లు సకాలంలో మొదలుపెడితే పిల్లవాడు నడవగలిగే కాలం పెరుగుతుంది. మరో బిడ్డను కనాలనుకునే తల్లికి జన్యుసలహా కూడా అందుతుంది.

శిబిరం రోజు

గదులు మూడు కావాలి. మొదటి గదిలో ఎత్తు, బరువు, కంటిచూపు. రెండోది గుండె, ఊపిరితిత్తులు వినడానికి నిశ్శబ్దంగా ఉండే గది. మూడోది తలుపు గడియ, కిటికీ తెర ఉన్న గది. రెండో గది వంటగదికి దూరంగా ఉండాలి. మధ్యాహ్న భోజనం గంట కొట్టే వేళకు గుండె శబ్దాలు వినడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు.

కంటిచూపు పట్టికను 6 మీటర్ల దూరంలో, పిల్లవాడి కళ్ల ఎత్తున, వెలుతురు పడేచోట పెట్టాలి. ఒక్కో కన్ను విడిగా చూడాలి. మూసిన కంటిని అరచేతితో నొక్కకుండా కప్పాలి. వేళ్ల సందుల్లోంచి చూసేవారు, ముందువాడు చదివింది విని అప్పజెప్పేవారు ఉంటారు కనుక వరుసను గది బయటే నిలబెట్టాలి. ఏ కంటితోనైనా 6/9 వరుస చదవలేకపోతే కంటి వైద్యుడికి పంపాలి. ఒక కన్ను బాగుంటే రెండోదాని లోపం పిల్లవాడికే తెలియదు. బద్ధకపు కన్ను, అంటే చిన్నప్పుడు సరిగా వాడక చూపు మందగించిన కన్ను, ఏడెనిమిదేళ్ల లోపు గుర్తిస్తే బాగా కుదురుతుంది, తరువాత కష్టం. అందుకే ఒకటి, రెండు తరగతులను ముందు చూడాలి. మెల్లకన్ను అదృష్టమనే మాటను ఎక్కడ విన్నా అక్కడే ఖండించాలి.

రంగుల గుర్తింపు పరీక్షను ఆరో తరగతిలో ఒకసారి చేయిస్తే చాలు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపం ఎక్స్ క్రోమోజోము ద్వారా తల్లి నుంచి వస్తుంది, మగపిల్లల్లోనే ఎక్కువ. దీనికి చికిత్స లేదు. కానీ తెలిసి ఉండటం అవసరం. గుంతకల్లు రైల్వే ఊరు. అక్కడి పిల్లల్లో లోకో పైలట్ కావాలని కలలుగనేవారు ఎందరో. పరీక్షలన్నీ గట్టెక్కి, చివరి వైద్య పరీక్షలో రంగులు తెలియక వెనుదిరిగిన యువకుణ్ణి నేను చూశాను. పన్నెండేళ్లకే తెలిసి ఉంటే అతను వేరే దారి చూసుకునేవాడు. ఈ ఫలితాన్ని నలుగురిలో కాకుండా తల్లిదండ్రుల ముందు చెప్పాలి. చూపు పోయే జబ్బు కాదని కూడా చెప్పాలి.

చెవులకు సంబంధించి, పిల్లవాడి వెనక చేయి చాచినంత దూరంలో నిలబడి, ఒక చెవి మూయించి, గుసగుసగా చెప్పిన అంకెలను తిరిగి చెప్పమనాలి. చీము కారే చెవిలో నూనె పోయవద్దని ఇంటివారికి గట్టిగా చెప్పాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన సీమలో పుట్టు చెవుడు, రక్తం సరిగా తయారుకాని తలసీమియా వంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. అయితే రక్తం త్వరగా గడ్డకట్టని హీమోఫీలియా, డుషెన్ జబ్బు మేనరికం వల్ల వచ్చేవి కావు. అవి ఎక్స్ క్రోమోజోము మీద ఉన్న లోపాలు. బయటి సంబంధం చేసుకున్నా రావచ్చు, ఇంట్లో ఎవరికీ లేకపోయినా కొత్తగా పుట్టవచ్చు. ఈ తేడా చెప్పకపోతే అత్తింట్లో తల్లి మీద నింద పడుతుంది.

పళ్ల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు ఉంటే ఊరి నీళ్లలో ఫ్లోరైడు ఉందేమో చూడాలి. అనంతపురం జిల్లాలో ఇది ఎప్పటి నుంచో ఉన్న బాధ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు తాగడానికి పనికిరాదు. ఒకే తరగతిలో పదిమందికి గారపళ్లు కనిపిస్తే ఆ పదిమందికీ మందు రాయడం కాదు, బడి బోరునీటిని పరీక్షకు పంపాలి. రక్తహీనతను కళ్లు, నాలుక చూసి తేల్చకుండా హిమోగ్లోబిన్ చూడాలి: 5 నుంచి 11 ఏళ్ల వారికి 11.5 గ్రాములు, 12 నుంచి 14 ఏళ్ల వారికి 12, పదిహేను దాటిన అబ్బాయిలకు 13 కన్నా తగ్గితే రక్తహీనతే. వారానికొక ఐరన్ మాత్ర ఆడపిల్లలకే అనుకుని అబ్బాయిలు పారేస్తుంటారు, అది ఇద్దరికీ.

గుండె విషయంలో మరికొంత వివరంగా చెప్పాలి. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు వెయ్యిమంది శిశువుల్లో ఎనిమిది, తొమ్మిది మందికి ఉంటాయి. పై గదుల మధ్య గోడలో రంధ్రం వంటివి బడి వయసు దాకా ఏ బాధా పెట్టకుండా ఉండగలవు. పిల్లల గుండెలో వినిపించే అదనపు శబ్దాలలో ఎక్కువభాగం హానిలేనివే. ఏది ఏదో ఎకో, అంటే గుండె స్కానింగు పరీక్ష చెబుతుంది. కాబట్టి ‘శబ్దం ఉంది’ అనగానే ఇంటివారిని భయపెట్టకూడదు, ‘పెద్దయితే పోతుందిలే’ అని వదిలేయనూకూడదు. చేతిలో రక్తపోటు ఎక్కువగా ఉండి, తొడ దగ్గర నాడి బలహీనంగా తగిలితే బృహద్ధమని, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, ఇరుకుగా ఉందని అనుమానించాలి. ఇది మగపిల్లల్లో ఎక్కువ. పరుగులో స్పృహ తప్పినవాడిని, ఎకో, ఈసీజీ అయ్యేదాకా ఏ పోటీకీ పంపకూడదు. ఈ ఒక్క విషయంలో వ్యాయామోపాధ్యాయుడు ఎవరి ఒత్తిడికీ లొంగకూడదు.

కీళ్లవాతంతో గుండె కవాటాలు దెబ్బతినే జబ్బు 5 నుంచి 15 ఏళ్ల మధ్య మొదలవుతుంది. దాన్ని గుర్తించిన పిల్లవాడికి మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయించాలి. మా బడిలో ఆ తేదీలను తరగతి గోడమీది క్యాలెండరులో, కారణం రాయకుండా, చిన్న చుక్కతో గుర్తుపెట్టేవాళ్లం. ఒక్క తేదీ కూడా తప్పలేదు.

మూడో గది

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. బీజాలు, గజ్జలు, మూత్రద్వారం పరీక్షను ఏ ఉపాధ్యాయుడూ, ఏ సిబ్బందీ, ఏ స్వచ్ఛంద కార్యకర్తా చేయకూడదు. అర్హత గల వైద్యుడు మాత్రమే, తల్లిదండ్రులు రాతపూర్వకంగా అంగీకరించిన పిల్లవాడిని మాత్రమే, తండ్రి లేదా తల్లి గదిలో ఉండగానే చూడాలి. ఏం చూస్తారో, ఎందుకు చూస్తారో పిల్లవాడికి ముందే చెప్పాలి. అతను వద్దంటే ఆ మాటే చెల్లుతుంది. కాగితం మీద తల్లిదండ్రుల సంతకం ఉన్నా సరే. అలాంటప్పుడు తల్లిదండ్రులతో కలిసి ఆసుపత్రిలో చూపించుకునేలా చీటీ రాసి పంపాలి. తల్లిదండ్రులు రాలేకపోతే ఆ పరీక్ష ఆ రోజు జరగదు. పిల్లలను వరుసలో నిలబెట్టడం, ఫోన్లు గదిలోకి తేవడం, ఫలితాన్ని బయటివారి ముందు పలకడం నేరమంత తప్పు. నిజానికి ఇంటి నుంచి వచ్చిన జవాబులు, తల్లి మాటలు సరిగ్గా ఉంటే, చాలామందికి ఈ పరీక్షను బడిలో కాకుండా నేరుగా ఆసుపత్రిలోనే చేయించవచ్చు. నాకు అదే మేలనిపిస్తుంది.

తల్లిదండ్రులకు తెలియవలసిన సంగతులు ఇవి. నెలలు నిండి పుట్టిన మగశిశువుల్లో సుమారు వందకు ముగ్గురికి బీజం కిందికి దిగి ఉండదు. చాలామందికి మొదటి ఆరు నెలల్లో దానంతట అదే దిగుతుంది. ఆ తరువాత దిగే ఆశ తక్కువ. ఆపరేషన్‌కు సరైన వయసు 6 నుంచి 18 నెలలు. బడి వయసులో బయటపడితే ‘ఆలస్యమైందిగా, ఇంకెందుకు’ అనుకోకుండా వెంటనే శస్త్రవైద్యుడికి చూపించాలి, ఎందుకంటే అలాగే వదిలేస్తే సంతాన సామర్థ్యం తగ్గడమే కాక, పెద్దయ్యాక ఆ బీజానికి క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. చలికి పైకి వెళ్లి మళ్లీ కిందికి వచ్చే బీజం వేరు, అసలు దిగనిది వేరు. ఆ తేడాను అనుభవజ్ఞుడే తేలుస్తాడు.

మూత్రద్వారం కొనన కాకుండా అడుగు భాగంలో ఉన్న పిల్లవాడికి శస్త్రవైద్యుడు చూడకుండా సున్తీ చేయించకూడదు, ఎందుకంటే సరిదిద్దే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావలసి రావచ్చు. కర్నూలు, కడప, ఆదోనిలో ముస్లిం కుటుంబాల పెద్దలకు, మసీదు పెద్దలకు ఈ ఒక్క మాట చేరితే ఎందరో పిల్లలకు మేలు జరుగుతుంది. చిన్నపిల్లల్లో ముందరి చర్మం వెనక్కి రాకపోవడం సహజం, బలవంతంగా లాగవద్దు. మూత్రధార బలంగా రాకుండా చుక్కలుగా పడుతుంటే మాత్రం ఆగకూడదు: మగపిల్లల మూత్రనాళంలో పుట్టుకతో ఉండే అడ్డుపొరలు నిశ్శబ్దంగా మూత్రపిండాలను పాడుచేస్తాయి.

పెద్ద తరగతుల అబ్బాయిలకు వైద్యుడి నోట ఒక మాట చెప్పించాలి. బీజంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, వాంతి వస్తే అది మెలి తిరిగి ఉండవచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే దాన్ని కాపాడే అవకాశం ఎక్కువ. అర్ధరాత్రయినా అమ్మనో నాన్ననో లేపాలి, 108కి ఫోన్ చేయాలి. సిగ్గుపడి పొద్దున చెబుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం.

శిబిరం తరువాత

ఇక్కడే చాలా బడులు ఆగిపోతాయి. చీటీ రాసి పంపడంతో పని అయిపోయిందనుకుంటాం. కూలికి వెళ్లే తండ్రికి కర్నూలు పోయి రావడమంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు. అందుకే మేము ఒక రిజిస్టరు పెట్టాం. పేరు, ఎక్కడికి పంపాం, ఎప్పుడు వెళ్లారు, అక్కడ ఏం చెప్పారు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి: ఐదే గడులు. జబ్బు పేరు అందులో రాయలేదు. దానికి వేరే కవరు, బీరువా తాళం నా దగ్గర. ప్రతి నెలా మొదటి శనివారం ఆ రిజిస్టరు తెరిచి, ఖాళీగా ఉన్న గడి ఎవరిదో చూసి, ఆ ఇంటికి ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లేవాళ్లం. ఒకే ఊరి పిల్లలను ఒకే రోజు కలిపి పంపితే తోడూ దొరుకుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

పంపవలసిన చోట్లు మన ప్రాంతంలో లేకపోలేదు. బాల స్వాస్థ్య పథకం కింద గుర్తించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. కర్నూలు, అనంతపురం, కడప మూడింటిలోనూ వైద్య కళాశాలల అనుబంధ ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. గుండె ఆపరేషన్లను పుట్టపర్తిలోని సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచి రుసుము లేకుండా చేస్తోంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, బడి చీటీ తీసుకెళ్లి, ఆసుపత్రిలో ముందుగా వైద్యమిత్ర (ఆ పథకం సహాయకుడి) బల్ల దగ్గరికి వెళ్లమని చెప్పాలి.

హీమోఫీలియా ఉన్న పిల్లవాడు బడిలో ఉంటే అతని తరగతి ఉపాధ్యాయుడికి మాత్రం, తల్లిదండ్రుల అనుమతితో, విషయం తెలియాలి. అలాంటివారికి కండరంలో ఇంజెక్షన్ వేయకూడదు, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. తలకు దెబ్బ తగిలితే రక్తం కనబడకపోయినా ఆసుపత్రికే వెళ్లాలి.

పిల్లవాడు బడి మారితే బదిలీ పత్రంతో పాటు అతని ఆరోగ్య కవరును అంటించి తల్లిదండ్రుల చేతికే ఇవ్వాలి. పదో తరగతి పూర్తయినవారికి మార్కుల జాబితా ఇచ్చే రోజున, ఒక్కొక్కరిని గదిలోకి పిలిచి, చికిత్స ఇంకా పూర్తికానివారికి తరువాత ఎక్కడికి, ఏ తేదీన వెళ్లాలో ఒక చీటీ మీద రాసి, చదివి వినిపించి, వారి సంతకం తీసుకుని రిజిస్టరులో ఆ గడి నింపాలి.